ఆంధ్రకేసరి ఆడవేషం

గొంతు ఇంకా బొంగురుపోలేదు. మూతి మీద నూగుమీసమైనా రాలేదు. మాట మాత్రం గట్టి. భయమంటే ఏమిటో తెలియదు. అలాంటి కుర్రాడు కంటపడితే నాటకాలాడించే మాస్టారు వదులుతారా? ఒంగోలులో 1880ల్లో ఓ మాస్టారు వదల్లేదు. పిలిచి ఆడవేషం ఇచ్చారు. ఆడవాళ్లు స్టేజీ ఎక్కని రోజులవి. సీత అయినా, ద్రౌపది అయినా మీసం రాని మగపిల్లాడే కట్టాలి. చీర, సవరం, చేతినిండా గాజులు, ముఖానికి రంగు... ఆ వేషంలో తెర ముందుకొచ్చిన కుర్రాడి పేరు టంగుటూరి ప్రకాశం.

అవును, ఆ ప్రకాశమే. 1928 ఫిబ్రవరిలో సైమన్ కమిషన్‌ను వెనక్కి పొమ్మంటూ మద్రాసు అట్టుడికినప్పుడు తుపాకుల ముందు రొమ్ము విరిచి నిలబడిన మనిషి. 1946లో మద్రాసు రాష్ట్రానికి, 1953లో కొత్తగా ఏర్పడిన ఆంధ్ర రాష్ట్రానికి ప్రభుత్వాధినేత. 1970లో ఒంగోలు కేంద్రంగా జిల్లా ఏర్పడితే 1972లో దానికి పెట్టిన పేరూ ఆయనదే. ఆ రొమ్ము విరిచిన కథ బడి పిల్లలకు కూడా తెలుసు. దానికి నలభై ఏళ్లకు పైగా ముందు జరిగిన ఆడవేషం కథే పెద్దగా ఎవరూ చెప్పుకోరు. నిజానికి మొదటి కథ లేకపోతే రెండోది ఉండేది కాదేమో!

పట్టుచీర ఒక్కసారే

ప్రకాశం పుట్టింది 1872 ఆగస్టు 23న, ఒంగోలుకు దగ్గర్లోని వినోదరాయునిపాలెంలో. తండ్రి గోపాలకృష్ణయ్య. కరణాల కుటుంబం. పిల్లాడికి పదకొండేళ్లప్పుడు ఆయన పోయారు. తల్లి సుబ్బమ్మ పిల్లల్ని వెంటబెట్టుకుని ఒంగోలు చేరారు. బతుకుతెరువు కోసం పూటకూళ్ల ఇల్లు పెట్టారు. ఇవాళైతే ‘మెస్ పెట్టారు’ అని మామూలుగా అనేస్తారు. అప్పట్లో అలా కాదు. డబ్బు తీసుకుని అన్నం పెట్టడమంటే పరువు తక్కువ పని. బంధువులే మొహం చిట్లించేవారు. సుబ్బమ్మగారు అవేమీ మనసులో పెట్టుకోలేదు. కొడుక్కి ఇంగ్లిషు చదువు చెప్పించాలి. అంతే.

చదువంటే ఫీజులు. ఓ పరీక్షకు మూడు రూపాయలు కట్టాల్సి వచ్చింది. ఆ మూడు రూపాయల కోసం ప్రకాశం అద్దంకిలో ఉన్న బావగారి దగ్గరికి కాలినడకన వెళ్లారు. వెళ్లినదారినే ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆఖరికి తల్లి పెట్టె తెరిచి పట్టుచీర తీసింది. తాకట్టు పెట్టి ఫీజు కట్టింది.

ప్రకాశం గురించి ఎవరు ప్రసంగించినా ఈ పట్టుచీర దగ్గర ఓ నిమిషం ఆగుతారు. ఆగాల్సిందే. కాకపోతే ఓ లెక్క ఉంది. ఇంట్లో పట్టుచీర ఒకటే. ఫీజు ఏటా ఉంటుంది. ఈసారికి గట్టెక్కారు సరే, పైచదువుకి ఎవరు కడతారు? పూటకూళ్ల ఇంటి రాబడిలో కాలేజీ చదువు ఎక్కడిది? ఆ వయసులో తండ్రి లేని పిల్లాడు ఎక్కడో గుమాస్తాగానో, కరణం దగ్గర రాతగాడుగానో కుదిరిపోవడం మామూలు సంగతి. ప్రకాశం దారీ అటే పోవాలి.

పోలేదు. ఎందుకంటే ఒంగోలు మిషన్ స్కూల్లో ఇమ్మానేని హనుమంతరావు నాయుడు అనే మాస్టారు ఉన్నారు.

మాస్టారి పిచ్చి

అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఒంగోలులో నడిపిన బడి అది. 1876-78 నాటి పెద్ద కరవులో పనులు కల్పించి వేలమంది ప్రాణాలు నిలబెట్టిన క్లౌ దొర మిషన్ అదే. అక్కడ పాఠాలు చెప్పే నాయుడుగారికి నాటకాలంటే ప్రాణం. ప్రకాశాన్ని చేరదీశారు. ఫీజు లేకుండా చదువుకునే ఏర్పాటు చేయించారు. పాఠాలు చెప్పారు, వేషాలూ కట్టించారు.

ప్రకాశం బుద్ధిమంతుడైన విద్యార్థేమీ కాదు. ‘నా జీవిత యాత్ర’లో తన చిన్ననాటి అల్లరిని ఆయన దాచుకోలేదు. ఆటలు, నాటకాలు, జట్లు కట్టి తిరగడం... ఇప్పటి భాషలో చెప్పాలంటే పేరెంట్స్ మీటింగులో హెడ్మాస్టరు ముందుగా పిలిపించే రకం. అలాంటి పిల్లాడిలో మార్కులు చూసే మాస్టారికి కనిపించేది ఒకటి. వేషాలు పంచే మాస్టారికి కనిపించేది వేరొకటి. లెక్కల పరీక్షలో గట్టిగా మాట్లాడితే బయటికి పంపిస్తారు. నాటకంలో గట్టిగా మాట్లాడలేని వాణ్నే పక్కన కూర్చోబెడతారు. పదిమంది ముందు తడబడకుండా నిలబడటం, ఎదుటివాడి మాట అయ్యేదాకా ఆగి తన మాట అందుకోవడం, మర్చిపోతే మొహం మాడ్చకుండా నెట్టుకురావడం... ఇవన్నీ వేషగాడికి కావాల్సిన లక్షణాలు. వకీలుకీ ఇవే కావాలి.

ఆ తర్వాత నాయుడుగారు రాజమండ్రికి మకాం మార్చారు. అక్కడితో కథ అయిపోవాలి. మాస్టార్లు ఊళ్లు మారుతుంటారు, పిల్లలు వేరే మాస్టారి దగ్గర చదువుకుంటారు. ఈయన మాత్రం ప్రకాశాన్ని వెంట తీసుకెళ్లారు. అప్పటికి మద్రాసు నుంచి బెజవాడకు రైలు దారే లేదు. అది పడింది 1899లో. అంత దూరం, సొంత బిడ్డ కాని పిల్లాణ్ని ఇంట్లో మనిషిలా తీసుకుపోవడం మాటలు కాదు. తల్లి సుబ్బమ్మ ఒప్పుకుని పంపడం ఇంకా పెద్ద సంగతి.

రాజమండ్రిలో చదువు సాగింది. నాటకాలు అంతకంటే జోరుగా సాగాయి. నాయుడుగారి నాటక సమాజానికి కొత్త నాటకాలు కావాల్సి వచ్చాయి. ఎవరు రాస్తారు? చూపు సరిగా ఆనని ఓ యువకుడు దొరికారు. ఆయనే చిలకమర్తి లక్ష్మీనరసింహం. 1889లో ‘కీచకవధ’తో మొదలైన ఆయన నాటక రచన ‘గయోపాఖ్యానం’తో ఊరూరా పాకింది. ఆ నాటకం పుస్తకం లక్ష ప్రతులకు పైగా అమ్ముడుపోయిందని చెబుతారు. ఆ ‘గయోపాఖ్యానం’లో అర్జునుడి వేషం కట్టింది మన ఒంగోలు కుర్రాడే. ఈపాటికి గొంతు మారి, మీసం వచ్చినట్టుంది!

ఆడవేషం నుంచి అర్జునుడి దాకా వచ్చాక నాయుడుగారు మరో పని చేశారు. ప్రకాశాన్ని న్యాయశాస్త్రం చదవడానికి మద్రాసు పంపించారు. తిరిగొచ్చి ప్లీడరయ్యారు. రాజమండ్రిలో పేరు, డబ్బు వచ్చాయి. 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు ఓడెక్కారు. మిగతాదంతా చరిత్ర పుస్తకాల్లో ఉంది.

ప్రకాశం పేరు జిల్లాకు ఉంది, వీధులకు ఉంది, విజయవాడలో కృష్ణ మీది బ్యారేజీకీ ఉంది. నాయుడుగారి పేరు మాత్రం శిష్యుడి ఆత్మకథలోనూ, నాటకరంగ చరిత్ర పుస్తకాల్లోనూ వెతుక్కోవాలి.

పుట్టిందే బడిలో

నాయుడుగారి నాటకాల పిచ్చి ఆయన ఒక్కరిదే అనుకుంటే పొరపాటు. ఆధునిక తెలుగు నాటకం పుట్టిందే బడి మాస్టార్ల చేతుల్లో. ధార్వాడ నాటక సమాజం వాళ్లు రాజమండ్రి వచ్చి, పాక వేసుకుని ప్రదర్శనలిచ్చి వెళ్లిపోయారు. ఖాళీగా ఉన్న ఆ పాక కందుకూరి వీరేశలింగం పంతులుగారి కంటపడింది. ఆయన అప్పుడు బడిలో తెలుగు పండితుడు. నటులు ఎక్కడి నుంచి వస్తారు? క్లాసులో ఉన్నారుగా! 1880లో తన విద్యార్థులకే వేషాలిచ్చి తెలుగు నాటకాలు ఆడించారు. అందులో ‘చమత్కార రత్నావళి’ ఒకటి. షేక్‌స్పియర్ రాసిన ‘కామెడీ ఆఫ్ ఎర్రర్స్’కి తెలుగు రూపం అది. వీరేశలింగం పుట్టినరోజు ఏప్రిల్ 16ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకొంటున్నారు. అంటే రంగస్థలం పండుగ నాడు తలచుకునేది ఓ బడిపంతుల్నే.

ఈ విషయంలో ఇంగ్లిషువాళ్లదీ మన దారే. వాళ్ల భాషలో తొలి కామెడీ నాటకంగా చెప్పుకునే ‘రాల్ఫ్ రాయిస్టర్ డాయిస్టర్’ రాసిన నికొలస్ ఉడల్ ఓ హెడ్మాస్టరు. పదహారో శతాబ్దం మధ్యలో బడి పిల్లలు ఆడటానికి రాశారు దాన్ని. షేక్‌స్పియర్ అప్పటికింకా పుట్టలేదు.

గుంటూరుకొద్దాం. తెలుగునాట ఏ నాటకమూ ఆడనన్ని ఆటలు ఆడిందంటే ముందుగా గుర్తొచ్చేది ‘సత్య హరిశ్చంద్ర’. అది రాసిన బలిజేపల్లి లక్ష్మీకాంతం బాపట్ల తాలూకాలో పుట్టారు. గుంటూరు హిందూ కాలేజీ హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేశారు. ఆ నాటకంలో కాటిసీను వచ్చేసరికి జనం నిద్రమత్తు వదిలి ముందుకు జరుగుతారు. అక్కడ హరిశ్చంద్రుడు పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లివి కావు. వినుకొండలో పుట్టిన గుర్రం జాషువావి. శ్మశానం మీద ఆయన రాసిన పద్యాలను నటులే ఇష్టపడి నాటకంలో కలిపేసుకున్నారు. జాషువా కూడా మాస్టారే. గుంటూరులో లూథరన్ చర్చి వాళ్ల ట్రైనింగ్ స్కూల్లో పాఠాలు చెప్పారు. పల్నాటి మిరప చేల పక్కన తెల్లవార్లూ ఆడే కాటిసీనులో ఇద్దరు బడిపంతుళ్ల గొంతులు వినిపిస్తాయన్నమాట.

లోహితాస్యుడికి దోమ కుట్టింది

ఇదే నాటకంలో ఇంకో వేషం ఉంది. దాని గురించి ఎవరూ రాయరు. లోహితాస్యుడు. హరిశ్చంద్రుడి కొడుకు. పాము కరిచి చనిపోతాడు.

హరిశ్చంద్రుడు పేరున్న నటుడై ఉంటాడు. చంద్రమతి గుంటూరు నుంచో, తెనాలి నుంచో, విజయవాడ నుంచో వస్తుంది. హార్మోనిస్టు వేరే ఊరు. వాళ్లందరికీ ముందే అడ్వాన్సులు ఇచ్చి కుదుర్చుకుంటారు. లోహితాస్యుణ్ని మాత్రం ఎక్కణ్నుంచీ తేరు. చాలాచోట్ల ఆ ఊరి బడిలో చురుగ్గా ఉన్న కుర్రాణ్నే సాయంత్రం పిలుస్తారు. నాలుగు మాటలు చెప్పించి, నుదుట బొట్టు పెట్టి, ముఖానికి పౌడరు రాసి స్టేజీ ఎక్కిస్తారు.

మాటలు చెప్పడం పెద్ద కష్టం కాదు. చచ్చిపోవడమే కష్టం. తల్లి ఒళ్లో కదలకుండా పడుకోవాలి. చంద్రమతి పద్యం ఎత్తుకుంటుంది. రాగం ముగిసేలోపు ముందు వరస నుంచి ‘వన్స్‌మోర్’ అని కేక. మళ్లీ పాడుతుంది. మళ్లీ కేక. అర్ధరాత్రి దాటింది. లైటు చుట్టూ పురుగులు. చెవి దగ్గర దోమ. ముక్కు మీద ఈగ. నవ్వు ఆపుకోవాలి, తుమ్ము ఆపుకోవాలి, అన్నిటికంటే ముఖ్యంగా నిజంగా నిద్రపోయి గురక పెట్టకుండా చూసుకోవాలి. ఊళ్లో వాళ్లంతా ఎదురుగా కూర్చుని ఉన్నారు. అందులో అమ్మ ఉంది. ఉత్తుత్తి చావని తెలిసినా ఆవిడ ఏడుస్తోంది. అదంతా మూసిన కళ్ల వెనక వింటూ పడుకున్న కుర్రాడికి మర్నాడు బడిలో దక్కే గౌరవం లెక్కల్లో నూటికి నూరు వచ్చినవాడికి కూడా దక్కదు. ఈ ప్రాంతంలో యాభై దాటిన మగవాళ్లని కదిపి చూడండి. ‘చిన్నప్పుడు లోహితాస్యుడు కట్టాను’ అని చెప్పేవాళ్లు ఇంకా తగులుతారు. ఆ వేషం తర్వాత మరో వేషం కట్టి ఉండరు. అయినా చెబుతారు.

పదిహేనేళ్లకే ముసలాడు

మిరప, పత్తి మెట్టల నుంచి తూర్పుకి జరిగితే కాలువ నీళ్ల ఊళ్లు. తెనాలి చుట్టుపక్కల ఊళ్లన్నీ నాటకానికి పెట్టింది పేరు. ఆంధ్ర నాటక కళాపరిషత్తు 1929లో పుట్టింది తెనాలిలోనే. ఆ పక్కనే రావికంపాడు అనే పల్లె. అక్కడి నుంచి కొల్లూరు హైస్కూలుకి వెళ్లి చదువుకునే ఓ కుర్రాడికి ‘పేదరైతు’ అనే నాటకంలో వేషం దొరికింది. హీరో కాదు. ముసలి రైతు. నడుం వంచాలి, గొంతు వణకాలి, కొడుకు వయసు వాళ్లని ‘ఒరేయ్ అబ్బాయ్’ అనాలి. ఆ కుర్రాడు గుమ్మడి వెంకటేశ్వరరావు.

1927 జులై 9న పుట్టిన గుమ్మడి సినిమాల్లోకి వెళ్లాక 1955లో పి.పుల్లయ్య ‘అర్ధాంగి’ తీశారు. అందులో అక్కినేని నాగేశ్వరరావుకీ, జగ్గయ్యకీ తండ్రి వేషం గుమ్మడిది. అప్పటికి ఆయనకు ఇరవై ఎనిమిదేళ్లు కూడా సరిగా నిండలేదు. కొడుకుగా వేసిన అక్కినేని ఆయన కంటే దాదాపు మూడేళ్లు పెద్ద! ఆ తర్వాత ‘మాయాబజార్’లో బలరాముడు, ‘మహామంత్రి తిమ్మరుసు’లో తిమ్మరుసు... 2010లో కన్నుమూసేదాకా తెలుగు ప్రేక్షకులకు ఆయన తండ్రి, అన్న, మామ, జమీందారు. వయసు వేషాలు ఆయన్ని వదల్లేదు. ఆయన వాటిని వదల్లేదు. కొల్లూరు బళ్లో ఎవరికి ఏ వేషమో తేల్చినవారి చూపు ఎంత గట్టిదో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఆ ‘అర్ధాంగి’లో రెండో కొడుకు జగ్గయ్యదీ ఇలాంటి కథే. దుగ్గిరాల దగ్గర మోరంపూడి ఆయనది. పదకొండేళ్ల వయసులో ‘సీత’ అనే హిందీ నాటకంలో లవుడి వేషం కట్టారు. బెంగాలీలో ద్విజేంద్రలాల్ రాయ్ రాసిన నాటకం అది. తెనాలి పక్క పల్లె పిల్లాడు హిందీలో బెంగాలీ నాటకం ఆడాడంటే ఆ రోజుల్లో హిందీ ప్రచారం ఊళ్లలో ఎలా సాగిందో తెలుస్తుంది.

మాస్టారి మాట చెల్లని సందర్భమూ ఒకటి ఉంది. ఇది బడి కాదు, విజయవాడ కాలేజీ. తెలుగు శాఖలో విశ్వనాథ సత్యనారాయణ. ‘రాచమల్లుని దౌత్యం’ నాటకంలో నాగమ్మ వేషానికి ఓ అందగాడైన విద్యార్థిని ఎంచారు. వేషం వేస్తాను గానీ మీసం తీయనన్నాడు విద్యార్థి. తీయలేదు. మీసంతోనే చీర కట్టాడు. ‘మీసాల నాగమ్మ’ అని పేరు పడింది. తర్వాత గుంటూరు ఆంధ్ర క్రిస్టియన్ కాలేజీలో చేరి అక్కడా నాటకాలు వదలని ఆ విద్యార్థి నందమూరి తారకరామారావు. ఆయనా ముఖ్యమంత్రి అయ్యారు. చీర కట్టిన కుర్రాళ్లలో ఇద్దరు ముఖ్యమంత్రులు!

ఇప్పుడు మీసం అమ్మాయిలది

కాలం తిరగబడింది. అప్పుడు అబ్బాయిలు చీర కట్టారు. ఇప్పుడు బడి నాటకంలో అమ్మాయిలు కాటుకతో మీసం దిద్దుకుంటున్నారు. కాస్త డబ్బులున్న ఇళ్లలో మగపిల్లాణ్ని ప్రైవేటు స్కూలు బస్సెక్కించి, ఆడపిల్లను ఊళ్లోని జిల్లా పరిషత్ హైస్కూలుకి పంపడం ఎవరికీ తెలియని రహస్యం కాదు. మాస్టారు వేషాలు పంచేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకే పంచాలి కదా. 2004లో మొదలైన కస్తూర్బా బాలికా విద్యాలయాల్లో అయితే ఆ గొడవే లేదు. చదువు మధ్యలో మానేసిన ఆడపిల్లల కోసం పెట్టిన హాస్టలు బళ్లవి. కృష్ణుడైనా, దుర్యోధనుడైనా, ఊరి సర్పంచి అయినా, తాగుబోతు మొగుడైనా అందరూ అమ్మాయిలే. ముఖ్యంగా ఈ తాగుబోతు మొగుడి వేషం వాళ్లు కట్టే తీరు చూసి తీరాలి. ఎక్కడ చూసి నేర్చుకున్నారని అడగక్కర్లేదు.

నాటకం పూర్తిగా పోయిందనలేం. పొన్నూరు, చిలకలూరిపేట, మార్టూరు లాంటి చోట్ల పరిషత్తులు నాటికల పోటీలు పెట్టి ఆ దీపం ఆరకుండా చూశాయి. ప్రభుత్వం 1998లో మొదలుపెట్టిన నంది నాటకోత్సవాల్లో పెద్దల నాటకాలతోపాటు బాలల నాటికలకూ చోటిచ్చారు. ఏళ్ల తరబడి ఆగి, ఆగి నడిచిన ఆ ఉత్సవాలు 2023 డిసెంబరులో గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరంలో జరిగాయి. ఊళ్ల నుంచి పిల్లలు మూటలు కట్టుకుని వచ్చి ఆడి వెళ్లారు.

కానీ పోటీకి తయారయ్యే నాటిక వేరు. బడి వార్షికోత్సవానికి పిల్లలంతా కలిసి వేసుకునే నాటకం వేరు. రెండోది చాలాచోట్ల సినిమా పాటల డ్యాన్సులకు చోటిచ్చి తప్పుకుంది. కారణాలు వెతకడం కష్టమేమీ కాదు. పాటకు డ్యాన్సు వారంలో వచ్చేస్తుంది. సెల్‌ఫోన్లో చూసి నేర్చుకోవచ్చు. నాటకానికి నెల కావాలి. సాయంత్రాలు కావాలి. ఉండి చెప్పే మాస్టారు కావాలి. ఆ సాయంత్రాలను స్టడీ అవర్స్, స్పెషల్ క్లాసులు తీసేసుకున్నాయి. గుంటూరు చుట్టుపక్కల రెసిడెన్షియల్ కాలేజీల్లో ర్యాంకుల పంట పండించే పద్ధతి పక్కనున్న హైస్కూళ్ల దాకా దిగొచ్చింది. పదో తరగతి పిల్లాడికి వేషం ఇస్తానంటే ముందు అడ్డుపడేది తల్లిదండ్రులే. ‘మార్కులు పోతాయి మాస్టారూ’ అంటారు. ఆ భయాన్ని తప్పుపట్టలేం. అయితే డ్యాన్సులో ముందు వరసలో ఉండేది ఎప్పుడూ ఆ నలుగురు అందగత్తెలే, ఆ నలుగురు చురుకైనవాళ్లే. నాటకంలో అలా కుదరదు. ముసలాడు కావాలి, బంట్రోతు కావాలి, గయ్యాళి అత్త కావాలి, తెర లాగేవాడు కావాలి, వెనక నిలబడి మాటలు అందించే ప్రాంప్టరు కావాలి. చివరి బెంచీ అంతా ఖాళీ అవుతుంది.

కల్లాల్లో రిహార్సల్స్

బడి వార్షికోత్సవాలు ఎక్కువగా జనవరి, ఫిబ్రవరుల్లో పెడతారు. పదో తరగతి పరీక్షలు దగ్గరపడకముందే కానిచ్చేయాలని. పల్నాడులో, ప్రకాశంలో ఆ నెలలే కోతల నెలలు. మిరప ఎర్రబడి ఉంటుంది. పత్తి చివరి తీతలో ఉంటుంది. కోసిన కాయ కల్లంలో ఆరబోయాలి, మంచు పడితే పట్టా కప్పాలి, తాలుకాయలు ఏరాలి. ఇంటిల్లిపాదీ చేలో ఉంటే తప్ప పని తెమలదు. ముఠాతో కలిసి కూలికి వెళ్లే ఇళ్లలో అమ్మాయి బడికెళ్లిందంటే ఆ రోజు ఓ కూలి తగ్గినట్టే. ఒంగోలు పూటకూళ్ల ఇంట్లో మూడు రూపాయలు ఎంత బరువో, చేలో ఆ కూలి డబ్బులు ఇవాళ అంత బరువు. హాజరు పట్టీలో గళ్లు ఖాళీగా ఉండేది ఆ నెలల్లోనే. అలా రెండు వారాలు మానేసిన పిల్ల మూడో వారం సిగ్గుపడి రాదు. నెల గడిస్తే ఇక రాదు.

నాటకం పెట్టుకున్న మాస్టారికి ఇక్కడ ఓ వెసులుబాటు ఉంది. ‘పాఠాలు పోతున్నాయి, అమ్మాయిని పంపండి’ అంటే ఆ తల్లిదండ్రులు తలూపి ఊరుకుంటారు. పాఠం రేపు కూడా చెబుతారని వాళ్లకు తెలుసు. అదే ‘మీ అమ్మాయిది చంద్రమతి వేషం, అది లేకపోతే ఆట ఆగిపోతుంది’ అంటే వాళ్లకు వేరే రకంగా వినిపిస్తుంది. ఊరందరి ముందు తమ పిల్ల వల్ల పని ఆగిపోయిందన్న మాట రాకూడదు. కనీసం సాయంత్రానికైనా పంపిస్తారు. సాయంత్రం వచ్చిన పిల్ల మర్నాడు పొద్దున కూడా వచ్చే అవకాశం ఉంది.

అలా వచ్చిన పిల్లకు గొంతు ఉండదు. పొద్దంతా మిరప ఘాటు పీల్చి దగ్గుతూ వస్తుంది. చేతులు మండుతుంటాయి, కళ్లు నలుపుకోవడానికి వీల్లేదు. రంగు పూయాలంటే ముందు మొహం రెండుసార్లు కడగాలి. తెలిసిన మాస్టారు ఆ రోజు గట్టిగా మాటలు చెప్పించరు. నడక, నిలబడటం, ఎటు నుంచి వచ్చి ఎటు పోవాలో చూపించి వదిలేస్తారు. కోతలు తెమలని ఇళ్ల పిల్లలకు ఇచ్చిన ప్రతి వేషానికీ ఇంకో పిల్లతో కూడా మాటలు కంఠతా పట్టించి ఉంచుతారు. అసలు పిల్ల వచ్చిందా, రెండోది తెర పక్కన ప్రాంప్టింగుకు నిలబడుతుంది. అసలు పిల్ల కల్లం దగ్గరే ఆగిపోయిందా, రెండోది సవరం తగిలించుకుని తెర ముందుకు వస్తుంది.